ఉన్నికి చెట్ల రంగులు



ఉన్నికి చెట్ల రంగులు వేసే విద్య గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. గొర్ల కాపరుల ఇళ్ళలో పుట్టినవాళ్ళు, మగ్గం పని ఎరిగినవాళ్ళు, బడిలో సైన్సు చెప్పే పంతుళ్ళు, మహిళా సంఘాల అక్కాచెల్లెళ్ళు, ఎవరు విన్నా పనికొచ్చే సంగతి ఇది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో రెండు సంపదలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి, కురుమలు, గొల్లలు తరతరాలుగా సాకుతున్న దక్కనీ గొర్ల ఉన్ని. రెండోది, అడవుల్లో, చెలక గట్ల మీద, పెరళ్ళలో దొరికే పూలు, బెరళ్ళు, కాయలు, వేళ్ళు. ఇన్ని రంగులు చుట్టూ ఉన్నా, మన ఉన్నితో నేసే గొంగడి మాత్రం ఏ రంగూ ఎరుగదు. అందుకు కారణం నేతగాళ్ళకు రంగు తెలియకపోవడం కాదు, గొంగడికి రంగు అవసరం రాకపోవడమే.

దక్కనీ గొర్రెల్లో నల్లవి ఎక్కువ. వాటి ఉన్ని ముతకగా, బలంగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. ఏకిన ఉన్నిని ఆడవాళ్ళు రాట్నం మీద వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద మగవాళ్ళు నేస్తారు. అలా వచ్చిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, చేను దగ్గర పరుపు. గొర్రె ఒంటి మీద పుట్టిన నలుపు కాబట్టి ఎన్ని వానలు తడిపినా కారిపోదు. నల్ల ఉన్ని మీద ఏ పువ్వు రంగు వేసినా కనబడదు కూడా. అందుకే కురుమల చేతిలో రంగుల పని అంటే నలుపు, తెలుపు, బూడిద, గోధుమ రంగుల ఉన్నిని వేరు చేయడం, చారలు, అంచులు వచ్చేలా కలిపి నేయడం. అదీ ఒక గొప్ప రంగుల లెక్కే.

అయితే మందలో నల్ల గొర్రెలే ఉండవు. తెల్లవి, బూడిద రంగువి, మచ్చలవి కూడా ఉంటాయి. వాటి ఉన్ని చాలావరకు కలగాపులగంగా సంచుల్లోకి పోతుంది, లేదంటే కంచెల్లో పడి పాడవుతుంది. నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచింది ఆ తెల్ల ఉన్ని గురించే. నల్ల ఉన్నిని నల్లగానే ఉంచుదాం. తెల్ల ఉన్నికి మాత్రం ఈ నేల మీది చెట్లతో రంగు వేద్దాం.

చెట్ల నుంచి రంగు తీయడం మన జనానికి కొత్త కాదు. ఓదెల మల్లన్న గుడి దగ్గర ఒగ్గు పూజారులు వేసే పట్నం ముగ్గు చూడండి. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఆకుల పొడితో ఆకుపచ్చ, మాడ్చిన ఊక నలుపు. పసుపుకు సున్నం కలిస్తే ఎర్రబారుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. హోళీకి ముందు మోదుగ పూలు ఏరి తెచ్చి, ఉడకబెట్టి నారింజ రంగు నీళ్ళు తీయడం ఈ జిల్లాల్లో పెద్దవాళ్ళంతా చిన్నప్పుడు చేసిన పనే. రంగు తీయడం ఇంత తేలిక. అది బట్టకు, ఉన్నికి పట్టి నిలిచేలా చేయడంలోనే అసలు విద్య ఉంది.

హోళీ నాడు చొక్కా మీద పడ్డ మోదుగ రంగు నాలుగు ఉతుకులకు పోతుంది. అదే పూల రంగును పటిక వేసి ఉన్నికి పట్టిస్తే చాలా ఉతుకులకు నిలుస్తుంది. ఈ తేడాకు కారణం పటిక. మంగలి షాపులో గడ్డం గీసిన తర్వాత రాసే పటికే ఇది. ఇందులో అల్యూమినియం ఉంటుంది. అది ఒక చేత్తో ఉన్నిని, మరో చేత్తో రంగును పట్టుకుని రెండింటినీ విడిపోకుండా ఉంచుతుంది. ఇలా రంగును కట్టి ఉంచే పదార్థాలను సైన్సు పుస్తకాల్లో మోర్డంట్లు అంటారు. మన అద్దకం పనివాళ్ళు కరక్కాయ, పటిక, తుప్పు నీళ్ళతో వందల ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే.

ఇక్కడ నూలుకూ ఉన్నికీ ఉన్న తేడా తెలుసుకోవాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని చెన్నూరులో 1990లలో దస్తకార్ ఆంధ్ర సంస్థ చేనేత కార్మికులతో కలిసి నూలుకు చెట్ల రంగులు వేసే పనిని మళ్ళీ నిలబెట్టింది. నూలు చెట్టు నుంచి వచ్చింది. పటిక దాన్ని నేరుగా గట్టిగా పట్టుకోలేదు. అందుకే ముందు కరక్కాయ రసంలో నానబెట్టాలి. కరక్కాయలోని వగరు నూలుకు అంటుకుంటుంది, ఆ వగరును పటిక పట్టుకుంటుంది. ఉన్ని అలా కాదు. అది మన జుట్టు లాంటి మాంసకృత్తు. పటికను నేరుగా పట్టుకుంటుంది, రంగును కూడా నూలు కంటే లోతుగా పీల్చుకుంటుంది. అంటే నూలుకు రంగులేసినవాళ్ళు పడే శ్రమలో కొంత ఉన్ని పనివాళ్ళకు తప్పుతుంది. కానీ ఉన్నికి రెండు శత్రువులున్నాయి. ఒకటి క్షారం, అంటే సోడా, సున్నం, బూడిద నీళ్ళు. రెండోది ఉన్నట్టుండి వేడి మారడం. నూలును చాకిరేవులో ఉడకబెట్టినట్టు ఉన్నిని సోడాలో ఉడకబెడితే అది పెళుసెక్కి తెగిపోతుంది. మరిగే నీళ్ళలోంచి తీసి చల్లనీళ్ళలో వేస్తే పోగులన్నీ ముడుచుకుని గడ్డకడుతుంది.

ఇక పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

మొదటిది ఉన్నిని శుభ్రం చేయడం. గొర్రె ఉన్నిలో జిడ్డు ఉంటుంది. గొంగడి మీద వాన నీళ్ళు నిలవకుండా జారిపోవడానికి ఆ జిడ్డూ తోడ్పడుతుంది. రంగు పట్టాలంటే మాత్రం అది పోవాలి. దానికి సబ్బు కంటే కుంకుడుకాయలే మేలు. గోరువెచ్చని కుంకుడు రసంలో ఉన్నిని నానబెట్టి, మెల్లగా అదిమి తీయాలి. రుద్దకూడదు, పిండకూడదు. వడికిన పోగును చిలపలుగా చుట్టి రంగు వేయడం సులువు. అది కూడా చింతగింజల గంజి పట్టించడానికి ముందే చేయాలి. గంజి పట్టిన తర్వాత రంగు సమంగా ఎక్కదు.

రెండోది పటిక పట్టించడం. 100 గ్రాముల ఎండు ఉన్నికి 15 గ్రాముల పటిక సరిపోతుంది. పటికను వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి, సుమారు మూడు లీటర్ల నీళ్ళలో కలపాలి. పాశ్చాత్య దేశాల రంగుపనివాళ్ళు దీనితో పాటు ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే ఒక పుల్లని ఉప్పు వాడతారు. దాని ఆమ్లమే మన చింతపండులోనూ ఉంది. కాబట్టి వడగట్టిన పలచటి చింతపండు రసం కొంచెం చేర్చితే పోగు మెత్తగా ఉంటుంది, రంగు తేటగా వస్తుంది. తడిపిన ఉన్నిని ఆ నీళ్ళలో వేసి సన్నని మంట మీద గంటసేపు మెల్లమెల్లగా వేడెక్కించాలి. నీళ్ళు బుడబుడ మరగకూడదు. మరిగే ముందు దశలో ముప్పావుగంట ఉంచి, దింపి, తెల్లారేదాకా అందులోనే చల్లారనివ్వాలి. తొందరపడి తీస్తే రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది.

మూడోది రంగు నీళ్ళు. పూలనో తొక్కలనో గంటసేపు ఉడికించి, వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక పటిక పట్టిన ఉన్నిని అందులో ముంచి మళ్ళీ సన్నని మంట మీద పెట్టాలి. నీళ్ళు ధారాళంగా ఉండాలి, అప్పుడప్పుడు మెల్లగా తిప్పుతుండాలి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే పసుపు రంగులు మసకబారతాయి. అలాంటి చోట వాన నీళ్ళు పట్టి పెట్టుకోవడం మంచిది.

ఏ చెట్టు ఏ రంగునిస్తుందో ఇప్పుడు చూద్దాం.

పసుపుపచ్చకు మనకు కరువు లేదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పండే పసుపుకొమ్ము పటిక లేకుండానే ఉన్నికి పట్టేస్తుంది, మెరిసిపోయే రంగునిస్తుంది. కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. అమ్మే సరుకుకు పసుపుకొమ్మును వాడవద్దని నా మనవి. నమ్మి కొన్నవాళ్ళు ఏడాది తిరగకముందే నిరాశపడతారు. మోదుగ పూలు పటికతో నిండైన పసుపును ఇస్తాయి. ఆ రంగు కూడా గట్టి ఎండకు కొంత తగ్గుతుంది కాబట్టి నీడలో వాడే వస్తువులకు తగినది. బంతిపూలు వీటికంటే మెరుగు. బతుకమ్మ, దసరా, దీపావళి పండుగలకు మన ఊళ్ళలో రాసులకొద్దీ బంతిపూలు వాడతాం. పండుగ తెల్లారి గుమ్మాల తోరణాలు, మార్కెట్లో మిగిలిపోయిన పూలు ఎండబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపడా రంగు చేతిలో ఉన్నట్టే. దానిమ్మ తొక్క కూడా అంతే. పళ్ళరసం బండ్ల దగ్గర ఊరికే పారేస్తారు. అందులో వగరు దండిగా ఉంటుంది. పటికతో ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు వస్తుంది, నిలకడ కూడా బాగుంటుంది. ఉల్లిగడ్డ పొట్టు ఇటుక, నారింజ ఛాయలనిస్తుంది.

గోధుమ రంగుకు మన అడవుల్లోని సండ్ర చెట్టు పేరుమోసింది. తాంబూలంలో వాడే కాచు దాని చేవ నుంచే వస్తుంది. అది ఉతుక్కీ ఎండకీ నిలిచే రంగు. కానీ చేవ కావాలంటే చెట్టును నరకాలి. అడవిని నరికి వేసే రంగు మనకు వద్దు. రాలిన పువ్వు, పారేసిన తొక్క, మళ్ళీ మళ్ళీ కాసే కాయ, వీటితోనే ఈ పని నడవాలి.

ఎరుపుకు మంజిష్ఠ, లక్క. మంజిష్ఠ వేరు పచారీ మూలికల దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని దంచి రాత్రంతా నానబెట్టి, చెయ్యి పెట్టలేనంత వేడి వరకే తేవాలి. మరిగిస్తే ఎరుపు చచ్చి గోధుమ రంగుకు తిరుగుతుంది. లక్క మొక్క కాదు, మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు కట్టే బంక. కొమ్మ మీంచి తీసిన పచ్చి లక్కను నూరి వేడినీళ్ళలో నానబెడితే ఎర్రని రసం దిగుతుంది. ఆడవాళ్ళ పాదాలకు లత్తుకగా పూసింది దీన్నే. పటికతో, కొంచెం పులుపుతో లక్క ఉన్నికి ఇచ్చే ముదురెరుపు సహజ రంగులన్నిటిలో అందమైన వాటిలో ఒకటి. తెల్లనిది కాకుండా బూడిద రంగు ఉన్నికి మంజిష్ఠ వేస్తే లోతైన మెరూన్ వస్తుంది. ఏ రంగు ఫ్యాక్టరీలోనూ ఆ ఛాయ సులభంగా దొరకదు.

ఇనుము గురించి ఒక హెచ్చరిక. తుప్పు పట్టిన మేకుల్ని బెల్లం నీళ్ళలో ఊరబెడితే నల్లని రసం తయారవుతుంది. కలంకారీ పనివాళ్ళు దానితోనే నల్లగీతలు గీస్తారు. దానిమ్మ తొక్కతో రంగు వేసిన ఉన్నిని ఈ రసంలో క్షణం ముంచితే ముదురాకుపచ్చకు, బూడిద నలుపుకు తిరుగుతుంది. అన్నభేదితోనూ ఇదే జరుగుతుంది. కానీ ఇనుము ఎక్కువైతే ఉన్ని గరుకెక్కి కొన్నాళ్ళకు పొడిపొడి అవుతుంది. 100 గ్రాముల ఉన్నికి రెండు గ్రాముల అన్నభేది దాటకూడదు. మైలుతుత్తం, క్రోమియం ఉప్పులు కొన్ని పాత పుస్తకాల్లో కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. చేతులకు హాని, నేలకు హాని. చెట్ల రంగు అని చెప్పి విషపు నీళ్ళు చెరువులోకి వదిలితే ఆ పనికి అర్థమే లేదు. ఏ గిన్నెలో రంగు వేశారో అందులో వంట చేయకండి. పటిక నీళ్ళను పారబోయకుండా, పటిక కొంచెం చేర్చి మళ్ళీ వాడుకోవచ్చు.

నీలం దారి వేరు. నీలిమందుకు పటిక అక్కరలేదు. ఆకులను ఊరబెట్టి తీసిన నీలిని పులియబెట్టిన తొట్టిలో కరిగిస్తారు. తొట్టిలో ముంచి తీసిన పోగు ముందు ఆకుపచ్చగా ఉండి, గాలి తగలగానే నీలమవుతుంది. నూలుకు పెట్టే తొట్టిలో సున్నం ఎక్కువగా ఉంటుంది. ఉన్నికి అది పనికిరాదు. సున్నం బాగా తగ్గించి, బెల్లంతోనో తగిరిస గింజలతోనో మెల్లగా పులియబెట్టాలి. పసుపు వేసిన ఉన్నిని నీలితొట్టిలో ముంచితే మంచి ఆకుపచ్చ వస్తుంది.

ఇవన్నీ విన్నాక ఇంత మంచి విద్య ఎందుకు మరుగున పడిందని మీరు అడగవచ్చు. మన పక్కనే ఉన్న వరంగల్ ఒకప్పుడు తివాచీలకు లోకప్రసిద్ధి పొందింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలను చూపించారు. అప్పటికి లోకంలో ఉన్నికీ పట్టుకూ వేసే రంగులు దాదాపు అన్నీ చెట్లు, పురుగులు, ఖనిజాల నుంచి వచ్చినవే. ఆ తర్వాత అయిదేళ్ళకే, 1856లో, విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు లండన్‌లో తారు నుంచి ఊదారంగు తయారుచేశాడు. 1869కి మంజిష్ఠ జాతి వేళ్ళలోని ఎరుపును కూడా ప్రయోగశాలలో చేసేశారు. 1897లో కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. నలభై ఏళ్ళలో వేల ఏళ్ళ విద్య మూలకు చేరింది. పొట్లం విప్పి నీళ్ళలో కలిపితే చాలు, రంగు సిద్ధం. దాని ముందు రాత్రంతా నానబెట్టే పనికి విలువ ఎవరిస్తారు?

ఆ విలువను మళ్ళీ తెచ్చుకున్న ఊళ్ళు ఉన్నాయి. టర్కీ దేశంలో హరాల్డ్ బోమర్ అనే జర్మన్ రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు పాత తివాచీల పోగులను పరీక్షించి, అందులో ఏయే మొక్కల రంగులున్నాయో కనిపెట్టాడు. 1980ల మొదట్లో మర్మరా విశ్వవిద్యాలయం తోడ్పాటుతో డోబాగ్ అనే పథకం మొదలైంది. ఐవాజిక్ ప్రాంతపు పల్లెల్లో సొంత గొర్రెల ఉన్ని, చేత్తో వడికిన పోగు, చుట్టుపక్కల మొక్కల రంగు, ఈ మూడింటితోనే తివాచీలు నేయించారు. పొట్లపు రంగు కలపకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. యుంత్‌దా ప్రాంతంలో ఆడవాళ్ళే సభ్యులుగా సహకార సంఘం ఏర్పడింది. ఆ తివాచీలు యూరప్, అమెరికా దాకా వెళ్ళాయి. అక్కడ కొన్నవాళ్ళు కేవలం రంగు చూసి కొనలేదు. ఈ గొర్రె ఎవరిది, పోగు వడికింది ఎవరు, ఏ మొక్కతో రంగు వేశారు అన్న మాటను నమ్మి కొన్నారు.

ఆ మాట మనం కూడా చెప్పగలం. కానీ అందుకు ముందు గొర్రె ఉండాలి. ఇవాళ ఉన్ని కొనేవాళ్ళు లేక బొచ్చు కత్తిరింపు కూలి కూడా కాపరి చేతి నుంచే పోతోంది. మిల్లు దుప్పట్లు చౌకగా వస్తున్నాయి. గొర్రెను మాంసం లెక్కనే చూడటం పెరిగింది. నెల్లూరు జాతి పొట్టేళ్ళతో మందలు కలిశాయి. ఆ జాతికి ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం అర్హులైన కాపరులకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. అందుకోసం బయటి రాష్ట్రాల నుంచి జీవాలను కొని తెచ్చారు. కాపరి కుటుంబాలకు ఆసరా ఇవ్వాలన్నది ఆ పథకం ఉద్దేశం. అయితే ఉన్ని ఉన్న మన దక్కనీ గొర్రెకు ప్రత్యేకంగా చోటు కల్పించాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఎండను, కరువును, దూరపు నడకను తట్టుకునే జాతి అది. రాత్రిపూట పొలంలో మంద పెడితే ఎరువునిస్తుంది. దాని ఉన్నికి ధర వస్తేనే కాపరి ఆ జాతిని నిలుపుకుంటాడు. చెట్ల రంగు ఆ ధర తెచ్చే దారుల్లో ఒకటి కాగలదని నా గట్టి నమ్మకం.

అందుకని కొన్ని విన్నపాలు. కాపరి అన్నలారా, వచ్చే కత్తిరింపులో తెల్ల ఉన్నిని, బూడిద రంగు ఉన్నిని నల్లదానితో కలపకుండా వేరే సంచుల్లో వేయండి. నేతపని తెలిసిన పెద్దలారా, గొంగడి నలుపును అలాగే ఉంచి, అంచుకు మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పున లక్క ఎరుపునో బంతి పసుపునో నేసి చూడండి. మహిళా సంఘాల చెల్లెళ్ళారా, పండుగ పూలను, దానిమ్మ తొక్కలను ఎండబెట్టి పోగుచేయండి. పంతుళ్ళారా, పటిక పట్టిన పోగును, పట్టని పోగును ఒకే రంగులో ముంచి పిల్లలకు చూపించండి. ఏ రసాయన పాఠమూ అంత తేటగా అర్థం కాదు. రంగు వేసిన ప్రతి పోగునూ అమ్మే ముందు సగం అట్టతో కప్పి కొన్ని వారాలు ఎండలో పెట్టండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా ఎక్కువగా ఉంటే ఆ రంగును సంతకు తీసుకుపోవద్దు. కొనేవాళ్ళకు మనం ఇచ్చే మొదటి హామీ అదే.

ఇక కొనే శక్తి ఉన్నవాళ్ళకు ఒక్క మాట. చేత్తో వడికిన ఉన్నికి మిల్లు దుప్పటి ధర అడగకండి. అందులో గొర్రె కాచినవాళ్ళ నడక, వడికినవాళ్ళ చేతులు, నేసినవాళ్ళ నడుము ఉన్నాయి. ఆ పనికి తగిన డబ్బు ఇచ్చినప్పుడే మన నేల మీద గొర్రె, మగ్గం, చెట్టు మూడూ బతుకుతాయి.